పుస్తకం తెరిస్తే నిద్ర, మూస్తే భయం

ప్రశ్న: మేడమ్, నా వయసు 18. మూడు నెలల్లో ఎంట్రన్స్ పరీక్ష ఉంది. నాకిది రెండో ప్రయత్నం, పోయినసారి కొద్దిలో సీటు తప్పిపోయింది. రోజుకు పన్నెండు గంటలు చదవాలని టైమ్‌టేబుల్ వేసుకుంటాను. రెండు రోజులు నడుస్తుంది, మూడో రోజు తప్పుతుంది, ఇక ఆ వారమంతా గాలికి పోతుంది. పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది, మూస్తే భయమేస్తుంది. మోటివేషన్ వీడియోలు చూస్తే కాసేపు హుషారుగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఒక్కో చాప్టరూ నాలుగైదు సార్లు చదివాను, నోట్సు నిండా రంగు పెన్నులతో గీతలు పెట్టుకున్నాను. నా స్నేహితులంతా కాలేజీల్లో చేరిపోయారు. అమ్మానాన్న ఒక్క మాట కూడా అనరు, అదే ఇంకా బరువుగా ఉంది. మార్కులు పెరగడం లేదని ఈమధ్య మాక్ టెస్టులు రాయడం కూడా మానేశాను. చదవాలన్న పట్టుదల మళ్లీ ఎలా తెచ్చుకోవాలి? ఇంకో సందేహం: చివరి పది రోజుల్లో కొత్త చాప్టర్లు మొదలుపెట్టొచ్చా?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను చివర్లో, ఏదో మాటవరసకన్నట్టు రాసేశావు. మార్కులు పెరగడం లేదని మాక్ టెస్టులు మానేశానన్నావే, అసలు ముడి అక్కడుంది.

ఒక్కో చాప్టరూ నాలుగైదు సార్లు చదివావు. నోట్సు రంగుల మయం. అయినా టెస్టు రాస్తే అవే మార్కులు. ఇలా ఎన్నిసార్లు చేసినా ఫలితం కనిపించనప్పుడు, మళ్లీ అదే పని చెయ్యమంటే మనసు మొండికెయ్యదూ? దాన్ని నువ్వు బద్ధకం అంటున్నావు. నేను అననమ్మా. చేసిన శ్రమకు చేతికేమీ దక్కడం లేదని దానికి అర్థమైంది, అంతే. చదివింది వస్తోందన్న నమ్మకం తిరిగి కలిగితే కూర్చోవాలన్న కోరిక దానంతటదే లేస్తుంది. అందుకని పట్టుదల సంగతి కాసేపు పక్కనపెట్టి, నువ్వు చదువుతున్న తీరు చూద్దాం.

ముందు ఆ వీడియోల సంగతి తేల్చేస్తాను. అవి చూసినంతసేపూ ర్యాంకు వచ్చేసినట్టు, అందరూ మెచ్చుకుంటున్నట్టు ఊహ పరుగులు తీస్తుంది. హాయిగానే ఉంటుంది. కానీ ఆ హాయి చదువులోకి రాదు. అమెరికాలో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1999లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. పరీక్షకు ముందు రోజులలో కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు రోజూ కాసేపు ఊహించుకోమన్నారు. ఇంకొందరిని ఎక్కడ కూర్చుని, ఏ పుస్తకం తెరిచి, ఎలా చదువుతారో ఊహించుకోమన్నారు. మార్కుల్లో ఈ రెండోవాళ్లే ముందున్నారు. నువ్వు వీడియోలు పూర్తిగా మానెయ్యాలని శాసనమేమీ చెయ్యను గానీ, చదవబోయే ముందు మాత్రం చూడకు. ఆ అరగంటలో పది బిట్లు చేసుకోవచ్చు.

ఇక అసలు విషయం. రెండోసారి రాసేవాళ్లకు మొదటిసారి రాసేవాళ్లకు లేని ఇబ్బంది ఒకటుంది. పేజీ తిప్పగానే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ఈ ఫార్ములా చూశాను, ఈ బొమ్మ చూశాను, ఈ లెక్క చేశాను. తెలిసినదాన్నే మళ్లీ చదువుతుంటే నిద్ర రాక ఏమొస్తుంది? తీరా పరీక్ష హాల్లో పుస్తకం లేకుండా అదే విషయం అడిగితే నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చూసి గుర్తుపట్టడం ఒకటి, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరొకటి. పరీక్ష చాలావరకు రెండోదాన్నే అడుగుతుంది, నువ్వేమో ఏడాదికి పైగా మొదటిదాన్నే సాధన చేశావు.

హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం నీలాంటి విద్యార్థులందరికీ చెప్పాలనిపిస్తుంది. కొంతమంది విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. మరో జట్టు మొదటి విడతలో మాత్రమే చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ పోయినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మొత్తం తారుమారైంది. వాళ్లకు 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. ఇంకో విచిత్రం చూడు: మాకు బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ ధీమా చూపించింది ఆ 40 శాతం జట్టే! ఎక్కువసార్లు చదివినకొద్దీ వచ్చేసిందన్న భ్రమ పెరుగుతుంది, వచ్చింది మాత్రం పెరగదు. ఓటికుండలో నీళ్లు పోసినట్టు నువ్వు పోస్తూనే ఉన్నావు, నిండడం లేదని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు.

కాబట్టి రేపటి నుంచి ఒక మార్పు చెయ్యి. ఒక టాపిక్ ఒక్కసారి శ్రద్ధగా చదువు. పుస్తకం మూసి తెల్లకాగితం తీసుకో. గుర్తున్నదంతా రాయి: ఫార్ములాలు, బొమ్మలు, కారణాలు, మినహాయింపులు, అన్నీ. దస్తూరీ బాగుండక్కర్లేదు, ఎవరూ చూడరు. ఇక గుర్తు రావడం లేదనుకున్నాక ఇంకో రెండు నిమిషాలు ఆగు. ఆ రెండు నిమిషాల పెనుగులాటే మందు. అప్పుడు పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. నీకున్న రంగు పెన్నుల్లో ఒక్కటి చాలు, మిగతావి ఎవరికైనా ఇచ్చేసెయ్. ఆ తర్వాత ఆ టాపిక్ మీద ఇరవై, ముప్ఫై బిట్లు చెయ్యి.

మొదట్లో ఇది చాలా చిరాకు పెడుతుందని ముందే చెబుతున్నాను. నాలుగుసార్లు చదివిన చాప్టరు మీద సగం కాగితం కూడా నిండదు. ఏడుపొస్తుంది, పాత పద్ధతే నయమనిపిస్తుంది. కానీ ఆ ఖాళీ సగం ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చింది కాదు, ఇన్నాళ్లూ కనబడకుండా ఉన్నది. నాలుగు రోజుల తర్వాత అదే చాప్టరు మళ్లీ రాయి. ఎర్ర గీతలు తగ్గుతాయి. వారం తర్వాత ఇంకా తగ్గుతాయి. మొదటి కాగితమూ చివరి కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చూడు. నీకు కావలసిన మోటివేషన్ అక్కడ, నీ చేతిరాతలోనే కనిపిస్తుంది.

మళ్లీ మళ్లీ అన్నాను కదా, ఎన్ని రోజులకోసారి అంటావేమో. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో ఓపిగ్గా లెక్కగట్టి 1885లో అచ్చువేశాడు. మరుపు మొదటి కొద్ది గంటల్లోనే జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే మొదటి రివిజన్ మర్నాడే ఉండాలి. తర్వాత నాలుగైదు రోజులకు, ఆపైన రెండు వారాలకు. ఈ అంకెలకు మహిమేమీ లేదు, అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఒకే రోజు నాలుగుసార్లు చదివిన దానికంటే నాలుగు వేర్వేరు రోజుల్లో ఒక్కోసారి గుర్తు తెచ్చుకున్నది గట్టిగా నిలుస్తుంది, అది గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు మాక్ టెస్టులు. వాటిని తీర్పులా చూస్తున్నావు కాబట్టే భయం. మార్కుల మొత్తం ఒక్కటే చూసి పేపరు పక్కన పడేస్తే ఎన్ని టెస్టులు రాసినా ఒకటే. టెస్టు రాయడానికి మూడు గంటలు పడితే, దాన్ని విప్పి చూడటానికి కూడా అంత సమయం కేటాయించు. తప్పుపోయినవీ వదిలేసినవీ ఒక్కొక్కటీ తీసుకుని మూడు కుప్పలుగా వెయ్యి. మొదటి కుప్ప: ఆ విషయమే తెలియదు. రెండో కుప్ప: చదివాను గానీ ఆ క్షణానికి గుర్తు రాలేదు, లేదా ఆ ప్రశ్నకు ఆ ఫార్ములా వాడాలని తట్టలేదు. మూడో కుప్ప: వచ్చిందే, తొందరలో పోగొట్టుకున్నాను. ప్లస్, మైనస్ గుర్తు తప్పు వేశాను, ‘కానిది ఏది’ అన్న ప్రశ్నను ‘అయినది ఏది’ అని చదివాను, బబుల్ తప్పు దిద్దాను, టైమ్ చాలలేదు.

ఈ మూడింటికీ మందులు వేర్వేరు. మొదటి కుప్పకు చదువు కావాలి. రెండో కుప్పకు ఇందాక చెప్పిన తెల్లకాగితం, ఇంకా బిట్లు కావాలి. చాప్టరు వారీగా కాకుండా నాలుగు చాప్టర్ల బిట్లు కలిపి చెయ్యాలి, ఎందుకంటే పరీక్షలో ఏ ప్రశ్న ఏ చాప్టరుదో ఎవరూ చెప్పరు. మూడో కుప్పకు కొత్తగా ఏమీ చదవక్కర్లేదు. ప్రశ్నలో ముఖ్యమైన పదం కింద గీత గీయడం, ఒక ప్రశ్న మీద రెండు నిమిషాలు దాటితే వదిలి ముందుకు పోవడం వంటి రెండు మూడు అలవాట్లు చాలు. కొద్దిలో సీటు తప్పిపోయిందన్నావు కదా. నూరు ప్రశ్నల్లో ఒక పది మూడో కుప్పలోవి అనుకో, వాటిలో సగం వెనక్కి తెచ్చుకున్నా ఆ కొద్దీ పూడుతుంది. నెగెటివ్ మార్కులున్న పరీక్షయితే ఇంకా ఎక్కువే. ‘మార్కులు పెరగడం లేదు’ అన్న ఒక్క పెద్ద భయం ఇలా చిన్న చిన్న పనులుగా విడిపోతుంది. పనుల్ని చూస్తే ఎవరికీ భయం వెయ్యదు. వారానికి ఒకటి రాయి, చివరి నెలలో రెండు. అసలు పరీక్ష ఏ సమయానికో ఆ సమయానికే రాయి.

పన్నెండు గంటల టైమ్‌టేబుల్‌ను మాత్రం చింపెయ్. అది ఆరంభశూరత్వానికి అచ్చమైన నమూనా. ఇప్పుడు నిజంగా ఎన్ని గంటలు చదవగలుగుతున్నావు? నాలుగైదా? అయితే అయిదు గంటలు రాసుకుని అయిదూ పూర్తి చెయ్యి, వచ్చే వారం ఆరు చేద్దువు. నన్నడిగితే గంటలు లెక్కపెట్టడమే మానెయ్యమంటాను. కుర్చీలో గడిచిన సమయం నీ చేతిలో లేని లెక్క, అందులో సగం కిటికీ అవతల గడిచిపోతుంది. ఎన్ని తెల్లకాగితాలు నింపావు, ఎన్ని బిట్లు చేశావు, అవి రాసుకో. వారంలో ఒక పూట ఏమీ వెయ్యకుండా ఖాళీగా ఉంచు, మిగిలిపోయినవి అందులో సర్దుకుంటాయి. ఏమీ మిగలకపోతే ఆ పూట నీది, హాయిగా తిరుగు.

మొదలుపెట్టడమే కష్టమవుతోందంటే ఒక చిన్న కిటుకు. పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టేటర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులకు క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న రిపోర్టు రాసే పని ఇచ్చారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే తేల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అనుకున్న గడువులో రాశారు. అలా తేల్చుకోని వాళ్లలో రాసినది సుమారు మూడో వంతే. కాబట్టి ‘రేపు ఫిజిక్స్ చదవాలి’ అని అనుకోకు. ‘మొహం కడుక్కుని రాగానే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, నిన్న వదిలిన అయిదో లెక్క చేస్తాను’ అని రాత్రే కాగితం మీద రాసి, పుస్తకాన్ని ఆ పేజీ దగ్గరే తెరిచిపెట్టి పడుకో. పొద్దున లేవగానే ఏం చదవాలా అని ఆలోచించే అవకాశం ఇస్తే, ఆ ఆలోచన ఫోన్ దగ్గర తేలుతుంది. చదవాలనిపించడం కోసం ఎదురుచూడొద్దు. రెండు లెక్కలయ్యాక తరచూ మూడోది చేద్దామని దానంతటదే అనిపిస్తుంది. అనిపించకపోయినా రెండు లెక్కలైతే అయ్యాయిగా.

ఫోన్ గురించి నీకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. చదివేటప్పుడు వేరే గదిలో పెట్టు. తిరగేసి బల్లమీదే పెట్టుకుంటానంటే కుదరదు.

రోజు తప్పుతుంది. తప్పి తీరుతుంది. జ్వరం రావచ్చు, ఇంటికి చుట్టాలు రావచ్చు, ఊరికే మనసు బాగుండకపోవచ్చు. నీ సమస్య మూడో రోజు తప్పడం కాదమ్మా, తప్పిన మూడో రోజుకు శిక్షగా మిగతా నాలుగు రోజుల్నీ వదులుకోవడం. కెనడాలో మైకేల్ వోల్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం 2010లో మొదటి ఏడాది విద్యార్థులను గమనించింది. మొదటి పరీక్షకు వాయిదాలు వేస్తూ చదవకపోయినా, అందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు వాయిదాలు తగ్గించారు. మనల్ని మనం తిట్టుకుంటే దారికొస్తామని చిన్నప్పటి నుంచీ విన్నాం గానీ, ఆ తిట్లు గుర్తొచ్చే పుస్తకం దగ్గరికి వెళ్లడానికే మనసొప్పదు. పోయిన రోజు చదువును ఇవాళ్టి నెత్తిన వెయ్యకు. అది వారాంతపు ఖాళీ పూటలో చూసుకోవచ్చు. ఇవాళ్టిది ఇవాళ చెయ్యి.

నిద్ర తగ్గించి చదివే ఆలోచన ఉంటే మానుకో. నిద్రపోయే ముందు నేర్చుకున్నది, మెలకువగా తిరుగుతూ గడిపినప్పటికంటే తక్కువగా మరిచిపోతామని 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు చూపించారు. పాపం, వాళ్లు పరీక్షించింది ఇద్దరంటే ఇద్దరు విద్యార్థులను! కానీ ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా అదే దారిలో నడిచాయి. ఏడెనిమిది గంటల నిద్రను చదువులో భాగంగానే లెక్కవేసుకో.

ఇంటి సంగతికొద్దాం. అమ్మానాన్న ఏమీ అనకపోవడం బరువుగా ఉందన్నావు. వాళ్ల మౌనాన్ని నువ్వు నిరాశ అని చదువుకుంటున్నావు. వాళ్లేమో, ఏమన్నా అంటే నీమీద ఒత్తిడి పెరుగుతుందని నోరు కట్టేసుకుని ఉండొచ్చు. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఊహించుకుంటూ ఒకే ఇంట్లో బిక్కుబిక్కుమంటూ తిరుగుతున్నారన్నమాట. నువ్వే ఒక సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడు. ‘బాగా చదువుతాను’ అని మాటిచ్చేసి లేచిపోకు. ఇప్పటిదాకా ఎక్కడ చిక్కుపడ్డావో, ఇప్పుడు ఏం మారుస్తున్నావో చెప్పు. వాళ్ల నుంచి ఏం కావాలో కూడా స్పష్టంగా అడుగు: ‘మార్కులెన్ని అని అడగొద్దు, వారం చివర నా తెల్లకాగితాలు ఒకసారి చూడండి’ అనవచ్చు. చుట్టాలతో పరీక్ష మాట ఎత్తొద్దని కూడా అడగవచ్చు.

అదే కూర్చున్న చోట ఇంకో మాట కూడా తేల్చుకో: ఈసారి కూడా సీటు రాకపోతే ఏం చేస్తావు? ఇది అపశకునమని, వెనక్కి దారి ఉంచుకుంటే పట్టు సడలుతుందని కొందరు పెద్దలంటారు. నేనొప్పుకోను. దారి లేదనుకున్నవాడికి ప్రతి తప్పు జవాబూ ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది, ఆ వణుకులో వచ్చిన లెక్క కూడా పోతుంది. ఏ కోర్సులో చేరతావో, ఏ కాలేజీలకు దరఖాస్తు పెడతావో, గడువులెప్పుడో ఒక కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వు. పరీక్షయ్యేదాకా దాన్ని మళ్లీ తియ్యొద్దు.

స్నేహితులు ముందుకెళ్లిపోయారన్న బాధకు నా దగ్గర మంచి మందేమీ లేదు. అది ఉంటుంది. వాళ్ల కాలేజీ ఫొటోలు రోజూ చూడకుండా ఉండటం మాత్రం నీ చేతిలో పనే. పరీక్షయ్యాక కలుద్దామని చెప్పు, నిజమైనవాళ్లయితే అర్థం చేసుకుంటారు. అయితే మనుషులతో మాట్లాడటం మొత్తంగా మానుకోకు. రోజుకు అరగంటైనా ఎవరితోనైనా, చదువు కాని విషయం మీద మాట్లాడు.

ఒక్క విషయం మటుకు జాగ్రత్తగా విను. నువ్వు రాసినదాన్ని బట్టి ఇది అలసటా, నిరుత్సాహమూ అనిపిస్తోంది. కానీ రెండు వారాలకు పైగా నిద్రా ఆకలీ సరిగా లేకపోయినా, ఇష్టమైన పని కూడా చెయ్యాలనిపించకపోయినా, కారణం లేకుండా ఏడుపొస్తున్నా, అప్పుడు ఈ చిట్కాలన్నీ పక్కనపెట్టి డాక్టరును కలవాలి. బతకడం దండగన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే అమ్మకో, నాన్నకో, నమ్మకమున్న టీచరుకో చెప్పెయ్. పరీక్ష వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

చివరి పది రోజుల ప్రశ్న. కొత్త చాప్టర్లు మొదలుపెట్టొద్దు, ఒక్క మినహాయింపుతో: ప్రశ్నలు ఎక్కువగా వచ్చే చాప్టరై, రెండు పూటల్లో తేలేంత చిన్నదైతే పరీక్షకు పది రోజుల ముందో తొమ్మిది రోజుల ముందో చూసుకో. ఆ తర్వాత వద్దు. సగం తెలిసిన కొత్త విషయం ఎక్కువ తప్పు జవాబులే తెస్తుంది, పైగా ఇంకా ఎంత మిగిలిపోయిందోనన్న కంగారు. ఆ రోజుల్లో నీ చేతిలో ఉండాల్సినవి రెండే: ఎర్ర పెన్ను పడిన తెల్లకాగితాలు, రెండో కుప్పలోని ప్రశ్నలు. ఆఖరి పూర్తి మాక్ టెస్టు పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందే రాసెయ్. ముందురోజు సాయంత్రం హాల్ టికెట్టూ పెన్నులూ సర్దుకుని, ఫార్ములాల కాగితం ఒకసారి తిరగేసి, రోజూ పడుకునే వేళకే పడుకో.